ఊరి నడుమ చోటు

దళితపేట కుర్రాళ్లు విగ్రహాల కోసం కొట్లాడతారని గోదావరి డెల్టాలో అందరికీ తెలుసు. ఆ కొట్లాటకు ముందూ వెనకా వాళ్లు రాసుకున్న అర్జీల కట్ట గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఏప్రిల్ 14 వచ్చిందంటే డెల్టాలో ఏ కాలవ గట్టు వెంట వెళ్లినా నీలం రంగే. పేట మొదట్లో తోరణాలు, సీరియల్ బల్బులు, కొత్తగా రంగేసిన అంబేడ్కర్ విగ్రహం, పక్కనే చందాదారుల ఫొటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ. ఆ ఫొటోల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పనికి కుదిరిన అక్కలూ పిన్నులూ కూడా కనిపిస్తారు. పొద్దున అన్నదానం, రాత్రికి డీజే. ఇదంతా చూసి ఊళ్లో పెద్దమనుషులు అనే మాట ఒకటుంది: ‘చదువుకోండ్రా అంటే విగ్రహాలంటారేంటి?’

వినడానికి సబబుగానే ఉంటుంది. మెలికల్లా ఏంటంటే, పేట మొదట్లో పెట్టుకున్న విగ్రహం మీద ఎవరికీ పేచీ ఉండదు. అదే విగ్రహాన్ని ఊరి నడుమ, మిగతా నాయకుల సరసన పెడతామన్న రోజున మాత్రం పేచీ మొదలవుతుంది. ఈ కుర్రాళ్లు అడుగుతున్నది ఆ చోటు. రాయిదేముంది, చందాలేసుకుంటే వస్తుంది.

గరగపర్రు

పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలోని ఊరు గరగపర్రు. భీమవరం దగ్గరే. వరిచేలు, చేపల చెరువులు, ఊళ్లో చెరువు దగ్గర కొందరు నాయకుల విగ్రహాలు. 2017 ఏప్రిల్‌లో వాటి పక్కన అంబేడ్కర్‌ను నిలబెట్టాలని దళిత యువకులు పూనుకున్నారు. నెలాఖరులో విగ్రహం తెచ్చి పెట్టారు. రాత్రికి రాత్రే అది అక్కడినుంచి మాయమైంది. దళితులు రోడ్డెక్కారు, అధికారులు వచ్చారు, సంప్రదింపులు జరిగాయి. అక్కడితో సర్దుకుందనుకున్నారు పైవాళ్లు.

మే మొదట్లో అసలు దెబ్బ పడింది. వెలి. కౌలుకిచ్చిన చేలు వెనక్కి తీసుకున్నారు. కూలికి పిలవడం మానేశారు. పాలు పొయ్యడం, కొట్లో సరుకివ్వడం ఆగిపోయాయి. దళితులను పనిలోకి పిలిచినవాళ్లకు జరిమానా వేస్తామన్నారని బాధితులు చెప్పారు. వందలాది కుటుంబాలు ఊళ్లో ఉండీ లేనట్టే అయ్యాయి. పట్టణానికి అంత దగ్గర ఊళ్లో ఇది జరుగుతుంటే, బయటి ప్రపంచానికి తెలిసేసరికి జూన్ నెల సగం దాటింది.

వెలి ఎంత లెక్కగా పనిచేస్తుందో తెలియాలంటే డెల్టా వ్యవసాయం తెలియాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల బంగారమైంది. దాన్ని కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు ఇక్కడ అరుదు. ఊడ్చిన చేతుల్లో, కోసిన చేతుల్లో ఎక్కువ భాగం మాల మాదిగలవే అయినా, ఆ చేతులకు పట్టాలు రాలేదు. ఎకరం రెండెకరాల కౌలు, నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలి, ఇంతే ఆధారం. సార్వాకి కాలవలు వదిలేది జూన్‌లో. కౌళ్లు కుదుర్చుకునేది అంతకు ముందు. ఆ రోజుల్లో చేను లాక్కుంటే ఏడాది తిండి లాక్కున్నట్టే. చేయి చేసుకోనక్కర్లేదు, నోరు జారనక్కర్లేదు.

గరగపర్రు యువకులకు ఈసారి ఒక ఆయుధం దొరికింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిదే అయినా, సాంఘిక, ఆర్థిక బహిష్కరణను పేరుపెట్టి నేరంగా చేర్చింది 2015 సవరణలో. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. అంటే, వెలి వేసేనాటికి ఆ సెక్షన్ వయసు ఏడాదిన్నర కూడా లేదు. కేసులు నమోదయ్యాయి, అరెస్టులు జరిగాయి. దళిత సంఘాలు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చాయి. అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డి జూన్ నెలాఖరులో ఊరికొచ్చారు. ప్రభుత్వమూ కదిలింది. నాయకుల కార్లు వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేది మళ్లీ ఆ పేటా, ఆ చేలూ, వాటి మధ్య బిగుసుకుపోయిన మాటలే. ఆ సంగతి నాయకులకు పట్టదు, మీడియాకీ పట్టదు.

సరిగ్గా ఇలాంటి చిక్కుముడే 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు విప్పబోయారు. వూల్‌వర్త్ దుకాణంలో వాళ్లు పెన్నూ పుస్తకమూ కొనుక్కోవచ్చు, డబ్బులు పుచ్చుకుంటారు. అదే దుకాణంలో ఫలహారాల బల్ల ముందు కూర్చోకూడదు. వాళ్లు వెళ్లి కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు, వారాల్లో ఆ పద్ధతి దక్షిణాది పట్టణాలెన్నిటికో పాకింది. జులై నెలాఖరుకి దుకాణం దిగొచ్చింది. మా చేలో పని చెయ్యి, మా కొట్లో కొనుక్కో, కానీ మా సరసన మాత్రం కనిపించకు అనే నియమం సముద్రానికి అవతలా ఇవతలా ఒకటే. తేడా ఒక్కటుంది. గ్రీన్స్‌బరో కుర్రాళ్లు సాయంత్రానికి కాలేజీ హాస్టల్‌కి వెళ్లిపోగలిగారు. గరగపర్రు కుర్రాళ్లు పడుకోవలసింది వెలి వేసిన ఊళ్లోనే.

రాజమండ్రి నుంచి కందికుప్ప దాకా

వాట్సాప్ వచ్చాక పేట కుర్రాళ్లకు కొత్తగా తెలివొచ్చిందని కొందరి లెక్క. వందేళ్ల కిందటి రాజమండ్రి సంగతి వాళ్లకు తెలిసి ఉండదు.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభ పంచములన్న పేరును కాదని ఆది ఆంధ్రులన్న పేరు ఎత్తుకుంది. నాలుగేళ్లకు గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద కట్టిన పాట గోదావరి జిల్లాలను ఊపేస్తుండగా, రాజమండ్రిలో పుట్టిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. 1900లో పుట్టిన మనిషికి 1921లో ఎంత వయసుంటుందో లెక్కేసుకోండి. ఆ వయసులో ఆయన అడిగింది కాంగ్రెస్ పెద్దలకు మింగుడు పడని ప్రశ్న: ఇంగ్లీషువాడు వెళ్లాక మా మీద దొరతనం ఎవరిది? తర్వాత ఆయన ‘జయభేరి’ పత్రిక నడిపారు. వృత్తికి ఆయుర్వేద వైద్యులు. సాహిత్య చరిత్రలో గరిమెళ్లకు పేజీలు దక్కితే ధర్మన్నకు చాలాకాలం ఒక పేరాయే దక్కింది. దళిత రచయితలు తవ్వి తీసిన తర్వాతే ఆయన మళ్లీ వెలుగులోకి వచ్చారు.

అక్షరాలు ఎక్కడ దొరికాయన్నదీ చెప్పుకోవాలి. రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషన్ పెట్టిన బడుల్లో పేట పిల్లలు బల్ల మీద కూర్చున్నారు. ఊరి బడిలో అప్పటికి వాళ్ల చోటు అరుగు కింద.

కోనసీమలో ఇదే కథ మరోలా నడిచింది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. చదువుకుని అధికారి అయిన పాలేరు కథ అది. అది చూసొచ్చి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడిలో వేసినవాళ్లున్నారని పాతతరం చెప్పుకునేది. ఈ మాట అతిశయోక్తి అనిపించవచ్చు. రాత్రి తెల్లవార్లూ నాటకం చూసే అలవాటున్న సీమలో, రంగస్థలం మీద తమలాంటివాడు కుర్చీలో కూర్చోవడం చూసినవాళ్ల మనసులో ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటే నాకది అతిశయోక్తి అనిపించదు.

భీమన్న కూతురు విజయభారతి అంబేడ్కర్ జీవితాన్ని తెలుగులో పుస్తకంగా రాశారు. ఆమె భర్త బొజ్జా తారకం. కాట్రేనికోన దగ్గర కందికుప్పలో 1939లో పుట్టారు. తండ్రి అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున అమలాపురం నుంచి శాసనసభకు వెళ్లినవారు. తారకం నిజామాబాద్‌లో వకీలుగా ఉన్నప్పుడు అంబేడ్కర్ యువజన సంఘాలు కట్టారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవి వదిలేసి వచ్చి చీరాలలో బాధితుల శిబిరంలో కూర్చున్నారు. ఆ ఏడాది పుట్టిన దళిత మహాసభకు ఆయన అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి.

ఆయన కవిత్వం రాశారు, కుల, వర్గ సిద్ధాంతం మీద రాశారు. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న చిన్న పుస్తకం. స్టేషన్‌కి లాక్కెళ్తే ఏం అడగాలి, దేని మీద సంతకం పెట్టకూడదు, బెయిలు ఎలా వస్తుంది లాంటివి పదో తరగతి చదివినవాడికి అర్థమయ్యే తెలుగులో ఉంటాయి. వకీలు దొరకని రాత్రి పనికొచ్చే పుస్తకం. పేట రాజకీయానికి వ్యాకరణం నేర్పింది అదీ, అలాంటివీ.

అంబేడ్కర్ ఉత్తరం, న్యూయార్క్ రైలు

నల్లజాతి యువత పోరాటానికీ మన పేటకూ ఉన్న చుట్టరికం కొత్తగా కలిపింది కాదు. 1913 నుంచి 1916 దాకా అంబేడ్కర్ చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట హార్లెమ్ పక్కనే ఉంటుంది. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకుంటున్న అర్జీ ప్రతి తనకు కావాలని అడిగారు. చూడండి, అక్కడా అర్జీయే. 1966లో అమెరికాలోని ఓక్లాండ్‌లో పుట్టిన నల్లజాతి యువకుల సంఘం బ్లాక్ పాంథర్ల పేరు 1972లో బొంబాయి దళిత కుర్రాళ్లు దళిత్ పాంథర్స్‌గా తెచ్చుకున్నారు.

ఇటునుంచి అటు వెళ్లిన కథ కూడా ఉంది. కాకినాడలో పెరిగిన గిడ్ల సుజాత వరంగల్ ఆర్ఈసీలో విద్యార్థిగా సమ్మెలో పాల్గొని జైలు చూసినవారు. తర్వాత అమెరికా వెళ్లి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్ అయ్యారు. తన మేనమామ, కవి శివసాగర్ కథతో కలిపి తమ కుటుంబ చరిత్రను 2017లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. 2020లో కోవిడ్‌తో ఆమె మంచం పట్టారు. నల్లజాతివాళ్లు పెద్దసంఖ్యలో పనిచేసే ఆ రైళ్లలో కార్మికులు వరసగా చనిపోతున్న తీరును న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అది చదివితే కాకినాడ పేటా న్యూయార్క్ ప్లాట్‌ఫామూ ఒకే వీధిలో ఉన్నట్టుంటాయి.

ఆ ఏడాదే మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పడింది. లక్షలమంది యువత వీధుల్లోకి వచ్చారు. రెండు నెలలు తిరక్కుండా, జులైలో, తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుణ్ణి కొట్టి గుండు గీశారు. ఇసుక లారీల విషయంలో స్థానికంగా రేగిన గొడవ అక్కడిదాకా వెళ్లింది. సంగతి బయటికి పొక్కాక ఎస్సైని సస్పెండ్ చేశారు, అరెస్టూ చేశారు.

ఆ యువకుడు ఆగస్టులో రాష్ట్రపతికి లేఖ రాశాడు. న్యాయం దొరకలేదు కాబట్టి నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇప్పించండని అందులోని కోరిక. టీవీల్లో దీన్ని బెదిరింపు అన్నవారున్నారు, ప్రచారం అన్నవారున్నారు. నాకు ఆ లేఖలో కనిపించింది వేరు. తుపాకి పట్టాలన్నా పైవారి అనుమతి కోరుతూ, చిరునామా రాసి, స్టాంపు అంటించే మనిషి వ్యవస్థను వదులుకున్నవాడు కాదు. అంతకంటే గట్టిగా దాన్ని పట్టుకుని వేలాడుతున్నవాళ్లు మనలో ఎంతమంది? రాష్ట్రపతి కార్యాలయం ఆ లేఖను రాష్ట్ర అధికారులకు పంపింది.

అమలాపురం మంటలు

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు, దాని పరిధిలోని అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలూ అంతే. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జీఎంసీ బాలయోగి ఇక్కడివారే. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టాలన్న డిమాండ్ సభలుగా, దీక్షలుగా, వినతిపత్రాలుగా సాగింది. మే మూడోవారంలో ప్రభుత్వం ‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా’ అని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమంది.

అభ్యంతరం ఉన్నవాళ్లకు కాగితం, కలం, నెల గడువు ఉన్నాయి. మే 24న అమలాపురంలో జరిగింది మాత్రం మరోటి. 144 సెక్షన్ ఉండగానే వేలమంది కలెక్టరేట్ వైపు కదిలారు. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి. దళితుడైన అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, అప్పటి ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. సరిగ్గా ముందురోజే, కాకినాడలో ఒక దళిత యువకుడి హత్య కేసులో అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్సీ అరెస్టయ్యారు. ఆ వారం గోదావరి జిల్లాల పేటల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

గమనించవలసింది ఏంటంటే, ఆ గుంపులో ఉన్నవాళ్లూ కుర్రాళ్లే. వాట్సాప్ గ్రూపుల్లో పిలుచుకుని, బైకుల మీద వచ్చినవాళ్లు. యువత రాజకీయాల్లోకి రావాలని సంపాదకీయాలు రాసేవాళ్లం ఈ సంగతి మర్చిపోతుంటాం. ‘కోనసీమ’ అన్న పేరు మీద ప్రేమే కారణమని వాళ్లు చెప్పుకున్నారు. కొత్త పేరులో కోనసీమ ఉండనే ఉంది. కాబట్టి మంట దేనికన్నది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రేషన్ కార్డు మీద, ఆధార్ మీద, పెళ్లి శుభలేఖ మీద ఆ పేరు రాయాల్సి వస్తుంది. గరగపర్రులో చెరువు గట్టు మీద ఇరుకనిపించినది ఇక్కడ చిరునామాలో ఇరుకనిపించింది.

ఆ మంటలకు బదులుగా పేటల నుంచి మంటలు లేవలేదు. ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది, కుర్రాళ్లు సిగ్నల్ కోసం గట్లెక్కి తిరిగారు. జూన్ 24న మంత్రివర్గం పేరును ఆమోదించింది. 2023లో అల్లర్ల కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పేరు ఒకరికి, కేసుల మాఫీ మరొకరికి. ఇటువంటి పంపకంలో మన ప్రభుత్వాలది అందె వేసిన చెయ్యి.

ఇంటి గుట్టు

పేటలో అంతా ఒకటే మాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పటి నుంచి, ఎస్సీ రిజర్వేషన్లను కులాలవారీగా విడదీసే వర్గీకరణ ప్రశ్న మాలపేటకూ మాదిగపేటకూ మధ్య నిలబడి ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారముందని తేల్చింది. మాలల సంఖ్య ఎక్కువగా ఉన్న కోనసీమలో ఆ తీర్పు సంబరంగా కంటే గుబులుగానే వినిపించింది. ఊరి నడుమ సమాన చోటు అడిగే కుర్రాడు, తన పక్క పేటవాడు ఉద్యోగాల్లో సమాన చోటు అడిగితే ఏమంటాడన్నది ఇంకా తేలని లెక్క. అంబేడ్కర్ జయంతి రెండు పేటల్లో రెండు ఊరేగింపులుగా జరిగేచోట్ల ఈ ప్రశ్న డీజే మోతలో వినపడదు.

రెండోది అమ్మాయిల సంగతి. యువజన సంఘం కరపత్రం మీద పేర్లు చదవండి. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి, సలహాదారులు, అందరూ మగపిల్లలే. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి కాబట్టి దళిత మహిళా సర్పంచులున్నారు. వాళ్ల పక్క కుర్చీలో భర్తో మరిదో కూర్చునే ఆచారమూ ఉంది. చందాల్లో గల్ఫ్ ఆడవాళ్ల డబ్బు పనికొస్తుంది, కమిటీలో వాళ్ల కూతుళ్లకు మాత్రం చోటు చూపించరు. ఆ మాట సంఘం సమావేశంలో ఎత్తితే ‘చూద్దాంలే అమ్మా’ అంటారు. ఊరి పెద్దలు ఇదే మాట తమతో అన్నప్పుడు ఈ కుర్రాళ్లకు వచ్చే కోపం ఇక్కడ కనిపించదు.

మూడోది పార్టీలు. ఘోరం జరిగినరోజు అన్ని జెండాలూ వస్తాయి. కుర్రాళ్లలో మాట చురుకున్నవాణ్ణి మండల స్థాయి పదవితో తీసుకుపోతాయి. ఆ తర్వాత సంఘం తలుపుకి తాళం. దళిత ఉద్యమం ఘోరాల క్యాలెండరును పట్టుకుని నడుస్తోందన్న విమర్శ అందుకే వస్తుంది. అందులో నిజం లేకపోలేదు.

అయినా ఘోరం లేని రోజుల్లో పని లేదనుకోకూడదు. పదిహేడు నిండిన పిల్లలు ఓటుకు ముందుగానే ఫారం 6 పెట్టుకోవచ్చు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. బూత్ స్థాయి అధికారి పేటకొచ్చేదాకా ఆగకుండా పిల్లల్ని వెంటేసుకుని వెళ్లడం సంఘాలు చేయగలిగిన పని. అంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే పని ఇంకొకటుంది. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. ఎన్ని కేసులు పెట్టారు, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేస్తున్నారా, బాధితులకు సాయం అందిందా అన్నవి ఆ గదిలో మాట్లాడాలి. మీ జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఎవరెవరు వచ్చారు, ఏం రాసుకున్నారు అని సమాచార హక్కు కింద అడగొచ్చు. జిల్లా స్థాయి దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, మండలానికి ఐదు, గ్రామ స్థాయిలో అసలు లేదు. జవాబుకు గడువు ముప్పై రోజులు.